బడి రాతల్లో పిల్లల ఊరూ పేరూ

హైదరాబాద్‌కు ఉత్తరాన, మేడ్చల్ వెళ్లే జాతీయ రహదారి మీదున్న పేట్ బషీరాబాద్‌కు జీడిమెట్ల పారిశ్రామికవాడ దగ్గర కావడంతో, తెలంగాణ పల్లెల నుంచే కాక బీహార్, ఒడిశాల నుంచి కూడా కంపెనీ పనికీ కూలికీ వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల నిలదొక్కుకున్నాయి. తెలంగాణ తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, లంబాడాల గోర్‌బోలి పక్కపక్కన వినిపించే ఇటువంటి చోట ఉపాధ్యాయుడు ఏ రాతపని ఇచ్చినా, అది ఎవరి బతుకును కొలబద్దగా పెట్టుకున్నదన్న ప్రశ్న తప్పదు. వేసవి సెలవుల విహారయాత్ర గురించి రాయమంటే, ఆ సెలవులు తల్లిదండ్రుల వెంట కట్టుబడి పనిలో గడిపిన పిల్ల అబద్ధం రాయాలి, లేదా తెల్లకాగితం ఇవ్వాలి.

బడి చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. ఆ తర్వాత వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల పనిని గమనించి మార్కులు వేసే పద్ధతి, ప్రాజెక్టు పనికి కూడా చోటిచ్చింది. ఉద్దేశం మంచిదే అయినా, గైడు చూసి ఎక్కించిన పేజీలూ దుకాణంలో కొన్న బొమ్మల చార్టులూ చాలాచోట్ల ఆ చోటును ఆక్రమించాయి.

ఉపాధ్యాయుడే తన తరగతిని చూసి రూపొందించుకున్న ప్రాజెక్టు ఇందుకు భిన్నం. పిల్లలు తమ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఇంట్లో అడిగి రావడం, గల్లీ పటం గీసి దానిలో ఎవరు ఏ పని చేస్తారో రాయడం, తల్లి చేసే పనిలోని పనిముట్ల పేర్లను ఇంటి భాషలోనే సేకరించి తరగతి నిఘంటువు కట్టడం వంటివి దీనికి పనికొచ్చే పద్ధతులు. తొలి ప్రతికి ఎర్రసిరా తగలకూడదు. అందులో ఏం చెప్పారన్నదే చూసి, అక్షరదోషాలను మలి ప్రతిలో దిద్దాలి, సంభాషణల్లో ఇంటి యాసను ఉన్నదున్నట్టు ఉండనివ్వాలి. ఇలాంటి రాతను పిల్లలంతా కలిసి కూడా చేయవచ్చు. ఇటలీలో బార్బియానా అనే కొండపల్లె బడి పిల్లలు ఎనిమిది మంది తమ దేశపు బడి వ్యవస్థను నిలదీస్తూ 1967లో ప్రచురించిన ఉత్తరం సామూహికంగా రాసినదే: ఒక్కో ఆలోచనను ఒక్కో చీటీ మీద రాసి, చీటీలను కుప్పలుగా వేరుచేసి, కుప్పలను అధ్యాయాలుగా మార్చి, అక్కరలేని మాటలన్నీ కొట్టేశారు. రాయడంలో వెనకబడిన పిల్లలకు ఇంతకంటే న్యాయమైన పద్ధతి దొరకడం కష్టం, ఎందుకంటే ఇందులో చీటీ మీది ఒక్క వాక్యానికి కూడా విలువ ఉంటుంది.

అయితే పిల్లల గుర్తింపును రాయించడం, దాన్ని బయటపెట్టించడం ఒకటి కావు. వంశవృక్షం గీయమన్న ప్రాజెక్టు తల్లిదండ్రులు లేని బిడ్డను నొప్పిస్తుంది. ఇంటిపేరు కథ చెప్పమంటే కులం నలుగురిలో బయటపడుతుంది. అందుచేత ఏది చదివి వినిపించాలో, ఏది దాచుకోవాలో తేల్చే హక్కు పిల్లలదే కావాలి, రెండు మూడు అంశాల్లో ఒకటి ఎంచుకునే వీలుండాలి.

రాయడానికి ముందు చదవడానికి కూడా తగిన పాఠాలు కావాలి. హైదరాబాద్‌లోని అన్వేషి స్త్రీల అధ్యయన పరిశోధన కేంద్రం రూపొందించి 2008లో తెచ్చిన బాలల కథల వరుసలో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటి రచయితలు పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపించే దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల బాల్యాన్ని కథలుగా చెప్పారు. తన ఇంటి వంటి ఇల్లు అచ్చులో కనిపించిన పిల్లకు తన ఇంటి గురించి రాయడానికి అనుమతి దొరికినట్టే.

ఇదంతా ఒక్క పీరియడ్‌లో అయ్యే పని కాదు. సిలబస్ ముగించాలన్న తొందర నుంచి ఏడాదికి కనీసం రెండు వారాలైనా ఉపాధ్యాయులను విడిచిపెట్టి, పిల్లల రాతలను బడి గ్రంథాలయంలో పుస్తకాలుగా కుట్టి ఉంచే ఏర్పాటును విద్యాశాఖ చేయాలి.