లోకశబ్దము - లొకుస్ శబ్దము : ఒక విమర్శము

ఇంగ్లీషు భాషాపరిచయము గల పండితులలో నొక మాట చెల్లుబడి యగుచున్నది. ఆ భాషలోని 'లోకల్', 'లొకేషన్' మున్నగు స్థలవాచకములకు మూలమైన లాటిన్ పదమును, మన లోకశబ్దమును ఒక్కటియే యనునది యా మాట. వినుట కింపుగా నుండుటచేత బాలురకు దీనిని బోధించువారును గలరు. ఇది విచారింపక విడువదగినది కాదు.

అర్థమునుబట్టి చూచినచో లోకల్ అనగా నొక చోటికి పరిమితమైనది. లోకమనగా చోట్లనన్నిటిని తనలో నిముడ్చుకొన్నది. అయినను ఈ విరోధ మొక్కటియే యా మతమును ఖండించుటకు చాలదు. వేదమున లోకశబ్దము జగద్వాచకము కాకమున్ను విశాలమగు తావు అను నర్థమున, ఉరుశబ్ద సాహచర్యముతో, కానవచ్చుచున్నది. కావున నేకత్వవాదులు 'చోటు' అను నర్థమును చూపి తమ పక్షమును నిలుపుకొనవచ్చును. అర్థమే ప్రధానముగా నిర్వచింపవలెనని యాస్కుడే చెప్పియుండెనని వారందురు. చెప్పినమాట నిజమే. కాని యాస్కుడు నిర్వచించినది తన వేదభాషలోని శబ్దములను. రెండు భాషల శబ్దములు తోబుట్టువులని చెప్పునప్పుడు అర్థము వాదియే కాని సాక్షి కాదు. సాక్ష్యము వర్ణములవలన రావలెను.

వర్ణముల సాక్ష్యము స్పష్టము. లాటిన్ పదము 'లొకుస్'. అందలి ఒకారము హ్రస్వము. ఇంగ్లీషువారు తమ యుచ్చారణమున దానిని సాగదీసి 'లోకస్' అనుటచేతనే మనవారికి భ్రాంతి పుట్టినది. హ్రస్వమగు ఒకారమునకు ప్రత్యేకలిపి గల తెలుగువారికే యీ పొరపాటు కలుగుట వింత. లాటిన్ హ్రస్వ ఒకారమునకు సంస్కృతమున సాధారణముగా అకారము వచ్చును. లాటిన్ 'ఒక్తో' సంస్కృతమున అష్ట, 'ఒవిస్' అవి, అనగా గొఱ్ఱె, 'పొతిస్' పతి. లోకశబ్దములోని ఓకారమో, గుణమువలన నేర్పడిన సంధ్యక్షరము. అది అకార ఉకారముల కలయిక యని వ్యాకరణము చదివిన బాలుడెరుగును. దానికి లాటిన్‌లో సరిపోవలసినది ప్రాచీనరూపమున 'ఒఉ', తరువాతి రూపమున దీర్ఘ ఊకారము. హ్రస్వ ఒకారము మాత్రము కానేరదు.

ఇంకొక బాధకము గలదు. లొకుస్ పదమునకు పూర్వరూపము 'స్త్లొకుస్' అని రోమక నిఘంటుకారుడగు ఫెస్తుస్ యొక్క గ్రంథసంగ్రహమున నున్నది. వ్యాజ్యమను నర్థముగల 'లిస్' పదమునకు 'స్త్లిస్' అను పూర్వరూపము నట్టిదే. మొదటి రెండు హల్లులును జారిపోగా మిగిలినది లకారము. అనగా 'లోకము' తో పోల్చుటకు పనికివచ్చిన యా లకారమే పదమునకు ఆద్యక్షరము కాదు! భాషాశాస్త్రజ్ఞులు పలువురు దీనిని నిలుపుట, ఉంచుట అను నర్థముగల 'స్తెల్' అను మూలమునకు చేర్చుదురు. కకారము వచ్చిన విధమును గూర్చి వారిలో నేకాభిప్రాయము లేదు. సంస్కృత స్థలశబ్దమును, ఇంగ్లీషు 'స్టాల్' ను అదే మూలము క్రింద నుంచువారు కలరు. లొకుస్‌తో చుట్టరికము వెదకువారు లోకమును విడిచి స్థలమువంక చూచియుండిన గమ్యమునకు సమీపించెడివారు.

మరి లోకశబ్దమునకు లాటిన్‌లో సోదరము లేదా? కలదు. అది 'లూకుస్', వనము. స్పొలేతియుము ప్రాంతమున దొరికిన ప్రాచీనశాసనమొకటి పవిత్రవనమును చెరుపరాదని శాసించుచున్నది; అందు ఈ పదము ద్వితీయావిభక్తిలో 'లొఉకొమ్' అని చెక్కబడి యున్నది. సంధ్యక్షరము సరిపోయినది. లిథువేనియా భాషలో 'లౌకస్' అనగా పొలము. ఇంగ్లీషున పచ్చికబయలును చెప్పు 'లీ' యు, నెపోలియను 1815లో నోడిన వాటర్లూ పేరిటి చివరిభాగమును ఈ కుటుంబమువే. చెట్ల నడుమ వెలుగు పడు బయలు మొదటి యర్థము. దానినుండి లాటిన్‌లో వనము, సంస్కృతమున అవకాశము, పిమ్మట జగత్తు. ప్రకాశార్థకమగు రుచ్ ధాతువును, లోచనశబ్దమును ఇచ్చటికే చేరును. దర్శనార్థకమగు లోకృ ధాతువునుండి లోకమును సాధించిన మన పూర్వులు వెలుగునకు దూరముగా పోలేదనుట గమనింపదగినది. వెలుగు చొరదు కావుననే వనమునకు లూకుస్ అని పేరు కలిగెనను నిర్వచనమును క్వింటిలియను ప్రస్తావించి, ఇట్టి విపరీతలక్షణలను ఒప్పుకొందుమా యని సందేహించెను. ఆ నిర్వచనమున ధాతువు సరియైనదే, నిషేధమే తప్పు.

ఇక లొకుస్ సంతతి ఇంగ్లీషులో రెండు త్రోవల వచ్చినది. లోకల్, అల్లొకేట్, డిస్‌లొకేట్ మున్నగునవి పండితులు తెచ్చిన తత్సమప్రాయములు. ఫ్రెంచివారి నోట నలిగి వచ్చినవి తద్భవములు. అల్లొకేట్ తత్సమమైన, 'అలౌ' తద్భవము. అందు పంచియిచ్చుట యను నర్థముగల ధాతువును, పొగడుటయను నర్థముగల వేరొక ధాతువును ఏకరూపమున కలిసిపోయినవి. 'కౌచ్' అను పడకపేరును అట్లే 'కొల్లొకారె' నుండి పుట్టినది. లెఫ్టినెంటు శబ్దము మిక్కిలి రుచికరము. ఫ్రెంచి 'ల్యు' అనగా స్థానము, రెండవభాగము 'పట్టి యుండువాడు'. ఒకని స్థానమున నిలిచి వాని పనులను చేయువాడు. ఆదేశము స్థానివలె వర్తించుననియు, వర్ణాశ్రయవిధులలో మాత్రము వర్తింపదనియు పాణిని చెప్పిన స్థానివద్భావము ఈ యుద్యోగికి సరిపడినట్లు వేరొక యుద్యోగికి సరిపడదు. రైలువారి 'లోకో షెడ్డు' నందు మాత్రము నామైకదేశగ్రహణము విపరీతమైనది: 'లోకోమోటివ్' అనగా చోటునుండి చోటికి కదలునది, కదలికను చెప్పు భాగము లోపించి, చోటును చెప్పు భాగమే యంత్రమునకు పేరై నిలిచినది.

1882లో రిప్పను ప్రభువు తీర్మానమును, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టమును వచ్చిన పిమ్మట తెలుగున స్థానిక స్వపరిపాలనమను మాట వాడుకకు వచ్చినది. 'లోకల్' అను ధ్వనికి లొంగి లౌకికమనక స్థానికమనినవారు మెచ్చదగినవారు. ఆ శబ్దమునకు వేరొక చరిత్ర గలదు: కౌటిల్యుని అర్థశాస్త్రమున స్థానికుడు జనపదమున నాలవభాగమును చూచు నధికారి, దక్షిణదేశ దేవాలయ శాసనములలో స్థానికులనగా ఆలయ నిర్వాహకులు. ఆ యర్థములు నేడు మరుగుపడినవి. అయినను స్థానికశబ్దము స్థాధాతుజన్యము. పైన చెప్పిన స్థలశబ్దముతో దీనిని కలిపి, లోకమును విడిచిన సంతోషమున మరియొక యేకత్వమును కల్పింపరాదు.