బొందలగడ్డకు రిజిస్టరేది?

వనపర్తి సంస్థానాధీశుల వంశావళి 16వ శతాబ్దంలో వీరకృష్ణారెడ్డి దగ్గర మొదలై రాజుల పేర్లతో కిందికి దిగుతుంది. అదే సంస్థానంలో చావు కబురు మోసి, బొంద తవ్విన మాదిగకు మాత్రం ముత్తాత పేరు దొరకదు. మా ముత్తాతను వెతకబోయి నేను తెలుసుకున్నది ఇదే. "ఆధారమేది?" అని చరిత్రకారులు మనల్ని అడుగుతరు. ఆధారాలు ఎవరి చేతిలో ఉండెనో అడగరు. 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఊరి చావుపుటకల లెక్క పటేండ్లదే.

మరి చర్చి పుస్తకాలు? 20వ శతాబ్దపు తొలి దశకాల్లో మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ నాగర్‌కర్నూల్, వనపర్తిలలో స్థిరపడింది. మాల మాదిగల బాప్తిస్మాలు, భూస్థాపనలు కాగితమెక్కినయ్. అది చిన్న విషయం కాదు. కానీ బాప్తిస్మంతో పేరు మారింది, వెనకటి తరానికి దారి తెగింది. నేను చూసిన ఒక పాత పుస్తకంలో "దేవదానం, ముసలివాడు" అని మాత్రమే ఉంది. తండ్రి పేరు లేదు, ఊరు లేదు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులను షెడ్యూల్డ్ కులాల జాబితాకు బయట పెట్టింది. అప్పటినుంచి ఎన్నో ఇండ్లలో చర్చికొక పేరు, బడికొక పేరు. ఈ రెండు పేర్లను కలిపి అచ్చువేస్తే నా పరిశోధన నిండుతుంది, ఎవరి మనవడి సర్టిఫికెటో పోతుంది. అందుకే నేను కలపను. ఈ ఖాళీని పరిశోధన లోపమనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వును విమర్శించాలె.

పుస్తకం లేకుంటే నేలనడుగుదామా? 1981లో శ్రీశైలం నీళ్లు కృష్ణ ఒడ్డు ఊళ్లను ముంచినయ్. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టినరు. వాడల బొందలగడ్డలను ఎవరు మోసినరు?

డక్కలి నోట మాదిగల గోత్రాలు, పుట్టుక కథ బతికున్నయ్. అదీ ఒక ఆర్కైవే. అయితే దాన్నీ విమర్శ లేకుండా నెత్తిన పెట్టుకోలేం. నేను విన్నంతలో మా ముత్తవ్వ పేరు అందులోనూ రాలేదు.

ఆ పేరు చెప్పింది మా అవ్వే. ఏండ్లు ఆమెకు తెల్వదు. "రజాకార్లప్పుడు పోయింది, పోలీసు యాక్షన్ ఇంక కాలే" అన్నది. అంటే 1948 సెప్టెంబరుకు ముందు. ఏ రిజిస్టరూ ఇవ్వని తేదీ ఇది. దీన్ని 'జ్ఞాపకం' అని పక్కకు నెట్టి, పటేలు రాతను 'రికార్డు' అనడం ఏ పద్ధతి? అవ్వలు పోకముందే, వాళ్లు ఒప్పుకున్నంత మేరకే, వాడవాడకూ పోయి మనమే రాసుకోవాలె.