మౌనానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు? ‘ఐ కన్ఫెస్’ చిత్రంలో పాపసంకీర్తన రహస్యం

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1953లో తీసిన ‘ఐ కన్ఫెస్’ను కథోలిక గురువు ధర్మనిష్ఠకు నివాళిగా చదవడం పరిపాటి. క్యుబెక్ నగరంలోని ఒక చర్చిలో పనిచేసే కెల్లర్ హత్య చేసి, ఆ సంగతిని పాపసంకీర్తనలో ఫాదర్ లోగన్‌కు చెప్పుకుంటాడు. నేరం చివరకు లోగన్ మీదే పడుతుంది. ఒక్క మాటతో బయటపడగలిగినా ఆయన పెదవి విప్పడు.

ఈ రహస్యపాలనను 1215 నాటి నాలుగవ లాటరన్ మహాసభ శాసనం చేసింది. నేటి శ్రీసభ ధర్మశాస్త్రంలో 983వ సూత్రం దానిని అనుల్లంఘనీయమంటుంది. నేరుగా ఉల్లంఘించిన గురువు తక్షణమే వెలి అవుతాడు. కనుక లోగన్ మౌనం వ్యక్తిగత సాహసం కాదు, పదవీధర్మం. అది ఉదాత్తంగా తోచడానికి కారణం వేరు: మౌనం పాటించినవాడే దాని మూల్యం చెల్లించవలసి రావడం.

బాలలపై లైంగిక అత్యాచారం విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది. గురువు మౌనం వహిస్తే నష్టపోయేది బిడ్డ. రహస్యం పోతే నేరస్థుడు అసలు పాపసంకీర్తనకే రాడన్నది శ్రీసభ వాదన, బలమైనదే. అయితే ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ (2017) ముందుకు వచ్చిన సాక్ష్యాలలో బాధితులు సైతం తమ గోడును పాపసంకీర్తనలో చెప్పుకున్న ఉదంతాలున్నాయి. అక్కడ ఆ వాదన వర్తించదు.

మతస్వేచ్ఛ ప్రశ్న 2025లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో తీవ్రమైంది. మతగురువులు అత్యాచార సమాచారాన్ని తప్పక అధికారులకు తెలపాలన్న చట్టం పాపసంకీర్తనకూ మినహాయింపు ఇవ్వలేదు. ఆ మేరకు దాని అమలును ఫెడరల్ న్యాయస్థానం జూలైలో నిలిపివేసింది. న్యాయవాదుల వంటి వారి వృత్తిరహస్యాన్ని కాపాడుతూ గురువుకు మాత్రమే ఆ రక్షణ తొలగించడం అందుకు ముఖ్యకారణం. అంటే చట్టాన్ని ఓడించింది దాని పక్షపాతమే. అందరికీ ఒకే విధి విధించే చట్టం ముందు మతస్వేచ్ఛ వాదం అంత సులభంగా నెగ్గదు. భారతదేశపు పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ అటువంటిదే. సమాచారమిచ్చే విధిని ఏ వ్యక్తికైనా వర్తింపజేస్తూ, గురువులకు ప్రత్యేక మినహాయింపు పేర్కొనలేదు.

లోగన్‌ది ఏకాకి త్యాగమన్న పఠనానికి చిత్రంలోనే ఒక అడ్డంకి ఉంది: కెల్లర్ భార్య ఆల్మా. ఆమెకూ నిజం తెలుసు. ఆమె నోటిని ఏ ధర్మసూత్రమూ కట్టివేయలేదు. నిర్దోషిగా విడుదలైనా జనం దూషిస్తున్న లోగన్‌ను న్యాయస్థానం వెలుపల చూసి ఆమె నిజం చెప్పబోతుంది. భర్త తుపాకికి బలవుతుంది. మౌనం మూల్యం మూడవ వ్యక్తి మీద పడగలదన్న ఎరుక చిత్రానికి ఉంది. కానీ కథనం ఆమె మరణం వద్ద ఎక్కువసేపు నిలవదు. చివరి దృశ్యాన్ని హంతకుని పాపవిమోచనానికే కేటాయిస్తుంది.