బతికిన లంకె, తప్పిన ఆధారం

అమెరికాలో ఉండి తెలుగు సాహిత్యంపై వ్యాసం రాసేవారికి గ్రంథాలయం అంటే చాలావరకు తెర మీది పుస్తకమే. మూలగ్రంథం చేతికందే దూరంలో ఉండదు, దాని స్కాను ప్రతి ఉంటుంది. అందుచేత మన వ్యాసాల పాదసూచికలలో గ్రంథనామాల పక్కన, కొన్నిసార్లు గ్రంథనామాలకు బదులుగానే, లంకెలు వచ్చి చేరాయి. అవి చెడిపోయినప్పుడు చేసే మరమ్మతును గురించినది ఈ పరిశీలన. వందల లంకెలను చిన్న స్క్రిప్టుతో ఒక్క నిమిషంలో మార్చే పద్ధతి నేడు అందరికీ అందుబాటులో ఉంది. నా అభ్యంతరం ఆ పద్ధతి మీద కాదు. స్క్రిప్టు పని ముగియగానే పరిశోధకుని పని కూడా ముగిసిందనుకునే అలవాటు మీద.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి ప్రభృతులు తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంతో ముడిపడి పుట్టిన సంస్థ అది. వేలాది పాత తెలుగు పుస్తకాలు తొలిసారి అందరికీ కనబడింది అక్కడే. కొన్నేళ్ళకు ఆ సైటు మూతబడింది. కార్ల్ మలమూద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ సంస్థ లక్షల పుస్తకాలను శాన్ ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్ల పుస్తకాలు దక్కాయి, చిరునామాలు మాత్రం పోయాయి. అయితే ఒక ఊరట ఉంది. ఆర్కైవ్‌లో ఆ పుస్తకాలకిచ్చిన గుర్తింపు పేర్లు చాలావాటిలో పాత లైబ్రరీ సంఖ్య అలాగే నిలిచి ఉంది. పాత లంకెలో ఆ సంఖ్య ఉన్నచోట, దాన్ని తీసి కొత్త చిరునామాలో పెట్టడం యంత్రానికి తగిన పనే.

ఆ పని జరిగే తీరును కొంచెం లోపలికి వెళ్ళి చూడాలి. వర్డ్ పత్రం పైకి ఒకే ఫైలులా కనిపించినా నిజానికి అది ఒక జిప్ మూట. వ్యాసపాఠం ఒక ఫైలులో, లంకెల చిరునామాలు వేరొక ఫైలులో ఉంటాయి. పాఠంలో ఉండేది మూలంగా ఒక సంకేత సంఖ్య మాత్రమే, ఆ సంఖ్యకు ఎదురుగా అసలు చిరునామా రెండో ఫైలులో నమోదై ఉంటుంది. కనుక స్క్రిప్టు ఆ రెండో ఫైలును తెరిచి పాత చిరునామా ఉన్నచోటల్లా కొత్తది రాస్తే చాలు. వ్యాసంలోని ఒక్క అక్షరమైనా కదలదు.

కాని మొదటి పొరపాటు ఇక్కడే పొంచి ఉంది. పాదసూచికలకు ఆ మూటలో వేరే ఫైలు, వాటి లంకెలకు మరో జాబితా ఉంటాయి. వర్డ్ మేక్రోలో పత్రంలోని లంకెలన్నీ ఇమ్మని అడిగినా, అది ఇచ్చేవి ప్రధాన పాఠంలోనివే. పాదసూచికలను విడిగా అడగాలి. పరిశోధన వ్యాసంలో లంకెలు ఎక్కువగా ఉండేదేమో పాదసూచికలలోనే! రెండో పొరపాటు కంటికి సంబంధించినది. లంకె వెనుక చిరునామా మారినా, పైకి కనిపించే అక్షరాలు పాతవే మిగలవచ్చు. తెర మీద నొక్కిన పాఠకుడు ఒకచోటికి వెళ్తాడు, అచ్చుప్రతి చదివినవానికి చచ్చిపోయిన చిరునామా దొరుకుతుంది. ఇక తెలుగు అక్షరాలున్న చిరునామాల సంగతి మరొకటి. వికీసోర్సు పుట చిరునామాలో 'కవి' అన్న చిన్న మాట శాతం గుర్తులతో సంకేతీకరించినప్పుడు ఇరవైయేడు అక్షరాలవుతుంది. స్క్రిప్టు 'కవి' అని వెతికితే అది దొరకదు.

ఇవన్నీ నేర్పుతో దిద్దుకోగల లోపాలు. దిద్దలేనిది వేరే ఉంది. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునే తీసుకుందాం. దాని తొలి ముద్రణ 1852 నాటిది. 1903 నాటి రెండో ముద్రణను వెంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం పరిష్కరించారు. షికాగో విశ్వవిద్యాలయం వారి సైటులో మనం రోజూ వెతుక్కునేది ఈ రెండోదే. ఒక మాట పంతొమ్మిదో శతాబ్ది నడుమ నాటికే వాడుకలో ఉందని వాదిస్తూ ఒక వ్యాసకర్త తొలి ముద్రణ స్కానుకు లంకె ఇచ్చాడనుకుందాం. అది చెడింది. మరమ్మతు చేసేవారు 'బ్రౌన్ నిఘంటువు' అన్న పేరు చూసి అలాంటి లంకెలన్నింటినీ షికాగోకు మళ్ళించారు. నొక్కితే పుట తెరుచుకుంటుంది, మాట కూడా కనిపిస్తుంది. కాని ఆధారం యాభై ఏళ్ళు ముందుకు జరిగిపోయింది. వ్యాసకర్త చూడని పుటను చూసినట్టుగా ఆ పాదసూచిక ఇప్పుడు చెబుతోంది. చెడిన లంకె కనీసం తాను చెడినట్టు ఒప్పుకుంటుంది. ఈ లంకె ఒప్పుకోదు.

లంకె పనిచేయడం వేరు, ఆధారం నిలవడం వేరన్న సంగతి అమెరికా న్యాయవ్యవస్థకు ముందే ఎదురైంది. 2011లో వీడియో గేముల కేసులో న్యాయమూర్తి శామ్యూల్ అలిటో తన అభిప్రాయంలో ఉదహరించిన ఒక చిరునామాను తరువాత ఎవరో చేజిక్కించుకొని, అక్కడ వెబ్‌లోని సమాచారం ఎంత క్షణికమో గుర్తుచేసే హాస్యోక్తి పెట్టారు. ఆ లంకె ఇప్పుడు తెరుచుకుంటుందా అని మాత్రమే అడిగే స్క్రిప్టుకు అంతా సవ్యమే. హార్వర్డ్‌లో జొనాథన్ జిట్రెయిన్, కెండ్రా ఆల్బర్ట్, లారెన్స్ లెసిగ్ జరిపిన పరిశీలనలో సుప్రీంకోర్టు తీర్పులలోని లంకెలలో దాదాపు సగం, ఉదహరించిన నాటి సమాచారాన్ని ఇక చూపడం లేదని తేలింది. వారు లెక్కలోకి తీసుకున్నది కేవలం తెరుచుకోని లంకెలను కాదు, తెరుచుకొని వేరొకటి చూపేవాటిని కూడా.

అయితే వందల లంకెలను చేత్తోనే మార్చాలా? అక్కరలేదు. చేతికీ పొరపాట్లుంటాయి, చేతి పొరపాట్లకు జాబితా కూడా మిగలదు. స్క్రిప్టు చేత ముందుగా మార్పు చేయించకుండా, జాబితా చేయించాలి: ఏ పుటలో ఏ లంకె ఉంది, పైకి కనిపించే మాటేమిటి, ప్రతిపాదిస్తున్న కొత్త చిరునామా ఏది. పాత సంఖ్యే కొత్త పేరులో ఉన్నవాటిని నమ్మకంగా మార్చవచ్చు, ఎందుకంటే అది అదే స్కాను. పేరు పోలికతో దొరికినవాటిని మాత్రం మనిషి తెరిచి, ముఖపత్రం చూసి, ముద్రణ సంవత్సరం సరిచూడాలి. పాత చిరునామాను చెరిపేయకుండా పక్కన ఉంచాలి, మార్చిన తేదీ రాయాలి. వ్యాసకర్త చూసిన ప్రతి దొరకకపోతే, దొరకలేదనే రాయాలి.

తప్పు మొదలైంది స్క్రిప్టు దగ్గర కాదు, గ్రంథవివరం రాయవలసినచోట లంకె అతికించి ఊరుకున్న మన దగ్గర. రచయిత, ముద్రణాలయం, సంవత్సరం, పుట సంఖ్య ఉన్న పాదసూచికకు లంకె తెగినా పెద్ద నష్టం లేదు. ఏ ఊరి గ్రంథాలయంలోనైనా ఆ పుస్తకాన్ని వెతుక్కోవచ్చు. పుస్తకాన్ని చేత్తో పట్టుకొని రాసిన తరం ఈ వివరాలు రాయడం మరువలేదు. పుస్తకం ఎన్నడూ చేతికి రాని మనకు ఆ వివరాల అవసరం వారికంటే ఎక్కువ.