నేల వాలు తెలిసినవాళ్లు

ఏప్రిల్‌లో మాస్టర్స్ టోర్నమెంట్ చివరి రోజు ఆట చూసే గోల్ఫ్ అభిమానికి అగస్టా నేషనల్ కోర్సు కంఠతా వచ్చు. పన్నెండో హోల్ ముందు పారే వాగు పేరేమిటో చెబుతాడు. పదహారో గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతి ఎటు తిరుగుతుందో అది తిరగకముందే చెబుతాడు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న ఆ కోర్సు గేటు దాటి, సొంత బ్యాగుతో, సొంత బంతితో ఒక్క రౌండ్ ఆడే అవకాశం మాత్రం అతనికి దాదాపు లేనట్టే. ఇంతమందికి ఇంత బాగా తెలిసిన మైదానంలో ఇంత తక్కువమంది ఆడడం గోల్ఫ్‌లో ఇంకెక్కడా కనిపించదు. అగస్టా మీద మోజు పుట్టేది ఇక్కడే.

సభ్యత్వానికి దరఖాస్తు ఉండదు. క్లబ్బే పిలవాలి. సభ్యులు సుమారు 300 మంది. వాళ్ల పేర్ల జాబితాను క్లబ్ ఎన్నడూ బయటపెట్టదు. మిగిలినవాళ్లకు ఉన్న దారులు రెండు మూడే. సభ్యుడు అతిథిగా తీసుకెళ్లాలి. లేదా మాస్టర్స్ టోర్నమెంట్ రాసే విలేకరి అయి, లాటరీలో పేరు తగిలి, టోర్నీ ముగిసిన మర్నాడు సోమవారం ఆడాలి. టోర్నీలో పనిచేసే వలంటీర్లకు కూడా సీజన్ చివర ఒక రోజు కేటాయిస్తారు. డబ్బుతో ఈ గేటు తెరుచుకోదు. అట్లాంటా నుంచి కారులో రెండున్నర గంటల దూరమే కాబట్టి అక్కడి తెలుగు కుటుంబాల్లో గోల్ఫ్ ఇష్టపడేవాళ్లు ప్రాక్టీస్ రౌండ్ల టికెట్ల లాటరీకి ఏటా పేర్లు ఇస్తుంటారు. అదీ చూడడానికే, ఆడడానికి కాదు. లోపలికి ఫోన్ కూడా తీసుకెళ్లనివ్వరు.

ఇంత బిగువైన క్లబ్ మొదట్లో సభ్యుల కోసం బతిమాలుకుంది. 1930లో బాబీ జోన్స్ ఒకే ఏడాది అప్పటి నాలుగు పెద్ద టోర్నీలూ గెలిచి, 28 ఏళ్ల వయసులో పోటీ ఆట మానేశాడు. అతను జీవితమంతా అమెచ్యూర్‌గానే ఆడాడు. జనం గుంపులు లేని చోట స్నేహితులతో ఆడుకోవడానికి ఒక కోర్సు కావాలనుకున్నాడు. న్యూయార్క్ పెట్టుబడి వ్యాపారి క్లిఫర్డ్ రాబర్ట్స్ ఆ పని తలకెత్తుకున్నాడు. అగస్టాలో 365 ఎకరాల పాత నర్సరీ అమ్మకానికి ఉంది. బెల్జియం నుంచి వచ్చిన బెర్క్‌మాన్స్ కుటుంబం అక్కడ పండ్ల మొక్కలూ పూల మొక్కలూ పెంచి దేశమంతా అమ్మింది. 1931లో ఆ భూమిని 70,000 డాలర్లకు కొన్నారు. ఈనాటికీ అక్కడ ప్రతి హోల్‌కూ ఒక మొక్క పేరే ఉంది. పదోది కెమీలియా, పదమూడోది అజేలియా. క్లబ్ భవనానికి వెళ్లే దారికి ఇరుపక్కలా నిలబడిన మాగ్నోలియా చెట్లు కూడా ఆ నర్సరీ కాలానివే.

రాబర్ట్స్ వేసిన లెక్క 1,800 మంది సభ్యులు. అది ఆర్థిక మాంద్యం రోజులు కావడంతో వందమంది కూడా చేరలేదు. క్లబ్ నిలబడాలంటే పేరు రావాలి, పేరు రావాలంటే జోన్స్ మళ్లీ గోల్ఫ్ కర్ర పట్టుకోవాలి. అలా 1934 మార్చిలో మొదటి ఆహ్వాన టోర్నీ జరిగింది, హార్టన్ స్మిత్ గెలిచాడు. మాస్టర్స్ అన్న పేరు అధికారికంగా వచ్చింది 1939లో. కోర్సు గీసిన అలిస్టర్ మెకెంజీ ఆ మొదటి టోర్నీని కూడా చూడలేదు. అదే ఏడాది జనవరిలో చనిపోయాడు. అతనికి రావలసిన ఫీజు పూర్తిగా ముట్టనే లేదు.

మెకెంజీ వృత్తిరీత్యా డాక్టరు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లినప్పుడు, బోయర్లు నేల ఎత్తుపల్లాలను వాడుకుని ఎలా దాక్కుంటున్నారో గమనించాడు. ఉన్న నేలతోనే కంటిని మభ్యపెట్టే ఆ విద్యను తర్వాత గోల్ఫ్‌లోకి తెచ్చాడు. అప్పట్లో చాలా కోర్సుల్లో లెక్కలేనన్ని బంకర్లు, అంటే ఇసుక గుంతలు, తవ్వి, అంచుల్లో మోకాలెత్తు గడ్డి పెంచి, తప్పు చేసినవాడిని వెంటనే శిక్షించే పద్ధతి బాగా నడిచేది. జోన్స్, మెకెంజీలు అగస్టాలో పెట్టిన బంకర్లు 22. ఫెయిర్‌వేలు విశాలం. అంచుల్లో దట్టమైన గడ్డి లేదు. సామాన్య ఆటగాడు కూడా బంతి పోగొట్టుకోకుండా పద్దెనిమిది హోల్స్ పూర్తిచేయగలగాలని వాళ్ల ఆలోచన. గొప్ప ఆటగాడికి పరీక్ష వేరే చోట ఉంటుంది. విశాలమైన ఆ ఫెయిర్‌వేలో బంతి ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి తర్వాతి షాట్ సులువో, అసాధ్యమో తేలుతుంది. తప్పు చేసిన సంగతి అతనికి చాలాసార్లు ఒక షాట్ ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ ఆలోచనకు తల్లి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు. 1921లో అక్కడ మొదటిసారి ఆడిన జోన్స్, పదకొండో హోల్ బంకర్లో చిక్కుకుని, కోపంతో రౌండ్ మధ్యలోనే ఆట వదిలేశాడు. ఆ కోర్సును అర్థం చేసుకోవడానికి అతనికి ఏళ్లు పట్టింది. 1927లో అక్కడే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. 1958లో ఆ ఊరు అతనికి పౌర గౌరవం ఇచ్చింది. అంతకుముందు దాన్ని అందుకున్న అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెకెంజీ అయితే ఓల్డ్ కోర్సును అడుగడుగునా కొలిచి, 1924లో దాని పటమే గీశాడు. ఓల్డ్ కోర్సు ఊరి ఉమ్మడి నేల. లాటరీలో పేరు వస్తే ఎవరైనా డబ్బు కట్టి ఆడవచ్చు. ఆదివారం ఆట ఉండదు, ఊళ్లోవాళ్లు కుక్కలతో ఫెయిర్‌వేల మీద షికారు చేస్తారు. అందరి నేల మీద పుట్టిన ఆ కళకు అమెరికాలో అందిన అత్యుత్తమ రూపాల్లో ఒకటి తాళం వేసిన గేటు వెనక ఉంది. అగస్టాను ఎంత ప్రేమించేవాడికైనా ఇది బాధ కలిగించే సంగతే.

పన్నెండో హోల్ దగ్గర కాసేపు ఆగితే ఆ కళ ఎలా పనిచేస్తుందో కనిపిస్తుంది. పొడవు 155 గజాలే. పార్ 3. టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి ఒక్క షాట్‌తో గ్రీన్ చేరి, రెండు పట్‌లతో బంతిని రంధ్రంలో వేస్తే లెక్క సరిపోతుంది. గ్రీన్ మాత్రం సన్నగా, అడ్డంగా పరుచుకుని ఉంటుంది. పైగా కొంచెం ఏటవాలుగా తిరిగి ఉంటుంది. దాని ఎడమ కొస టీకి దగ్గర, కుడి కొస దూరం. ముందు రేస్ క్రీక్ వాగు, వెనక పొదల గట్టు. కుడిచేతి ఆటగాడికి షాట్ సరిగ్గా తగలక బంతి కుడికి జారిందంటే, అది మామూలుకన్నా తక్కువ దూరం పోతుంది. గ్రీన్ ఎక్కువ దూరంలో ఉన్నది అక్కడే, కాబట్టి బంతి వాగులో పడుతుంది. ఎడమకు లాగిన బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడ గ్రీన్ దగ్గర కాబట్టి అది వెనక బంకర్లోకో పొదల్లోకో దూకుతుంది. మనిషి ఎటు తప్పు చేస్తాడో ముందే లెక్కవేసి, దానికి సరిగ్గా ఎదురుగా నేలను తిప్పినట్టుంటుంది. ఎడమచేతి ఆటగాడి తప్పులు మాత్రం గ్రీన్ ఉన్న వైపుకే పోతాయి. 2003 నుంచి 2014 వరకు జరిగిన పన్నెండు మాస్టర్స్‌లలో ఆరింటిని ఎడమచేతి వాళ్లే గెలిచారు. మైక్ వీర్ ఒకటి, ఫిల్ మికెల్సన్ మూడు, బబ్బా వాట్సన్ రెండు. ఆ ఆరు విజయాలకూ ఈ ఒక్క హోల్ కారణం కాదు కానీ, దాని పాత్ర లేదనలేం.

గాలి ఇంకో సమస్య. కోర్సులో అది బాగా పల్లపు మూల, చుట్టూ ఎత్తైన పైన్ చెట్లు. లోపలికి వచ్చిన గాలి సుడి తిరుగుతుంది. పదకొండో గ్రీన్ మీద జెండా ఒకవైపు ఎగురుతుంటే, పక్కనే పన్నెండో గ్రీన్ జెండా ఇంకోవైపు ఎగురుతుంది. 2019 చివరి రోజున ఆఖరి రెండు బృందాల్లో బ్రూక్స్ కెప్కా, ఇయాన్ పౌల్టర్, ఫ్రాన్సెస్కో మోలినారి, టోనీ ఫినావ్ నలుగురూ ఇక్కడ బంతిని వాగులో వేశారు. టైగర్ వుడ్స్ జెండాను పట్టించుకోకుండా ఎడమవైపు, బంకర్ మీదుగా గ్రీన్‌లో భద్రమైన చోటుకు కొట్టాడు. పార్ చేసి, ఆ రోజే టోర్నీ గెలిచాడు. మరుసటి మాస్టర్స్ చివరి రోజున అదే హోల్‌లో అదే వుడ్స్ మూడు బంతులు వాగులో పోగొట్టుకుని పది స్ట్రోక్‌లు రాసుకున్నాడు. అనుభవజ్ఞుడికి కూడా ఈ నేల రెండోసారి అదే సమాధానం ఇస్తుందన్న పూచీ లేదు.

టీవీలో తెలియనిది ఇంకొకటి ఉంది, ఎత్తుపల్లాలు. పదో టీ నుంచి దాని గ్రీన్‌కు నేల దాదాపు 100 అడుగులు దిగిపోతుంది. మొదటిసారి లోపలికి వెళ్లినవాళ్లు ముందుగా చెప్పే మాట ఇదే. కోర్సంతా కొండవాలు. ఆ వాలే గ్రీన్ల మీద కంటిని మోసం చేస్తుంది. చుట్టూ నేల ఒకవైపు వంగి ఉన్నప్పుడు సమతలం కూడా ఎదురెక్కుతున్నట్టు కనిపిస్తుంది, దిగే పట్ నిలకడగా ఉన్నట్టు కనిపిస్తుంది. 1981లో గ్రీన్లను బెర్ముడా గడ్డి నుంచి బెంట్ గడ్డికి మార్చాక వేగం బాగా పెరిగింది. ఇప్పుడు గ్రీన్ల కింద గొట్టాలు వేసి తేమను లాగేసే ఏర్పాటు కూడా ఉంది. అంత నున్నటి ఉపరితలం మీద వాలును ఒక్క వేలెడు తప్పు చదివినా బంతి గ్రీన్ దాటి దొర్లిపోతుంది.

ఈ వాలును బాగా చదివింది ఎవరు? జోన్స్ కాదు, మెకెంజీ కాదు. ఆటగాళ్ల బ్యాగులు మోస్తూ సలహా చెప్పే క్లబ్ క్యాడీలు. ఊళ్లోని శాండ్ హిల్స్ పేట నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాళ్లు. మొదటి టోర్నీ నుంచి 1982 వరకు మాస్టర్స్‌లో ప్రతి ఆటగాడూ క్లబ్ క్యాడీనే తీసుకోవాలన్న నియమం ఉండేది. బంతి చివరికి రేస్ క్రీక్ వైపే తిరుగుతుందన్నది వాళ్ల మొదటి పాఠం. గ్రీన్ మీద కళ్లు ఏం చెప్పినా, ముందు వాగు ఏ దిక్కున ఉందో గుర్తు చేసుకోవాలి. ఆ తర్వాతిదంతా ఏళ్ల తరబడి రోజూ చూసి నేర్చుకున్నది: ఉదయం మంచులో ఎలా, మధ్యాహ్నం ఎండలో ఎలా, జెండా వెనక మూలలో ఉంటే ఎలా. పుస్తకాల్లో లేని ఈ విద్య అన్న నుంచి తమ్ముడికి, పక్కింటివాడి నుంచి పక్కింటివాడికి వచ్చింది. జాక్ నిక్లాస్ మొదటి ఐదు మాస్టర్స్ విజయాల్లోనూ బ్యాగు మోసింది విల్లీ పీటర్సన్.

కార్ల్ జాక్సన్ 1961లో, ఇంకా మీసాలు రాని వయసులో, తన తొలి మాస్టర్స్‌లో బ్యాగు ఎత్తుకున్నాడు. 50కి పైగా మాస్టర్స్‌లు చూశాడు. 1995లో, జాక్సన్ బ్యాగు మోసే ఆటగాడు బెన్ క్రెన్‌షా తన గురువు హార్వీ పెనిక్ అంత్యక్రియలకు టెక్సాస్ వెళ్లి, టోర్నీ మొదలవడానికి ముందు రోజు తిరిగివచ్చాడు. ఆ వారం మొదట్లో అతని ఆట అస్సలు బాగాలేదు. ప్రాక్టీస్‌లో గమనించిన జాక్సన్ రెండే మాటలు చెప్పాడు: నిలబడేటప్పుడు బంతిని కాస్త వెనక్కి పెట్టుకో, భుజాలు ఇంకా బిగువుగా తిప్పు. ఆ ఆదివారం క్రెన్‌షా గెలిచి, పద్దెనిమిదో గ్రీన్ మీద వంగి ఏడుస్తుంటే జాక్సన్ వెనక నుంచి వచ్చి పట్టుకున్నాడు. అప్పటికి పన్నెండేళ్ల ముందే, 1983లో, ఆటగాళ్లు తమ సొంత క్యాడీలను తెచ్చుకోవచ్చని నియమం మారింది. పేటలో చాలామంది జీవనాధారం అలా పోయింది.

ఈ కోర్సు అందం గురించి రాసేటప్పుడు ఈ భాగాన్ని దాటేయడం అన్యాయం. ఆ నేలను అణువణువునా ఎరిగినవాళ్లు అక్కడ సభ్యులు కాలేకపోయారు. మాస్టర్స్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్, అదీ 1975లో. మొదటి నల్లజాతి సభ్యుడు రాన్ టౌన్‌సెండ్ 1990లో వచ్చాడు. మొదటి మహిళా సభ్యులుగా కొండలీజా రైస్, డార్లా మూర్ 2012 దాకా ఆగాల్సి వచ్చింది.

మన దేశం నుంచి మాస్టర్స్‌లో మొదట ఆడింది జీవ్ మిల్ఖా సింగ్, 2007లో. తెలుగువాళ్లకు దగ్గరగా తగిలే పేరు సాహిత్ తీగల. కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబంలో పెరిగిన ఈ కుర్రాడు 2023లో తొలిసారి అగస్టాకు వచ్చాడు. చివరి రోజు పదహారో హోల్‌లో అతని బంతి గ్రీన్ దాటి ఎడమ పక్కకు పోయింది. అక్కడి నుంచి జెండా వైపు గురిపెడితే బంతి ఆగదు. సాహిత్ వాలు పై అంచుకు గురిపెట్టాడు. బంతి ఎక్కి, ఒక క్షణం నిదానించి, పక్కకు తిరిగి, దొర్లుకుంటూ వచ్చి రంధ్రంలో పడింది. 2005లో టైగర్ వుడ్స్ ఇదే గ్రీన్ మీద ఇదే వాలును వాడుకుని వేసిన షాట్ చూసిన ప్రతివాళ్లకూ అది గుర్తొచ్చింది. తొలి ప్రయత్నంలోనే సాహిత్ తొమ్మిదో స్థానాన్ని పంచుకున్నాడు. రంధ్రాన్ని మరిచి వాలును నమ్మడమే అక్కడి క్యాడీల పాఠం.

అగస్టాలో ఒక రౌండ్ కోసం ఏళ్లు ఎదురుచూసే అభిమాని కోరిక వెనక గొప్పలు చెప్పుకోవాలన్న ఆశ కొంత ఉండవచ్చు. కానీ తీరా లోపలికి వెళ్లినవాడికి దక్కేది వేరు. సభ్యుల టీలు సుమారు 6,300 గజాలు, టోర్నీ టీలు 7,500 పైచిలుకు. దూరం తగ్గించుకుని ఆడవచ్చు, వాలు మాత్రం ఎవరికీ తగ్గదు. సరస్సు మీదుగా పదిహేనో గ్రీన్‌కు కొట్టాలా, ముందే ఆగాలా అన్న ప్రశ్న 1935లో జీన్ సారజెన్‌కు ఎలా ఎదురైందో అతనికీ అలాగే ఎదురవుతుంది. సారజెన్ అప్పుడు 235 గజాల నుంచి కొట్టి నేరుగా రంధ్రంలో వేశాడు. మన అభిమాని బంతి బహుశా నీళ్లలో పడుతుంది. అయినా ఆ ప్రశ్న ముందు తానే నిలబడతాడు. ప్రపంచకప్ పిచ్ మీదో, వింబుల్డన్ సెంటర్ కోర్టులోనో సామాన్యుడికి ఆ అవకాశం రాదు.

ఆ అవకాశం మరింతమందికి అందాలి. అదే ఊళ్లో, కొన్ని మైళ్ల దూరంలో, జనం ది ప్యాచ్ అని పిలుచుకునే మునిసిపల్ కోర్సు ఉంది. అగస్టా నేషనల్ క్యాడీలు తమ సొంత ఆట ఆడుకున్నది అక్కడే. వాళ్లలో జిమ్ డెంట్ అనే కుర్రాడు ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడు. ఆ కోర్సు దగ్గరి రోడ్డుకు అతని పేరే పెట్టారు. ది ప్యాచ్ పునర్నిర్మాణానికి అగస్టా నేషనల్ చేయి కలిపింది. దాని పక్కనే టైగర్ వుడ్స్ తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు గీస్తాడని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. అక్కడ ఆడడానికి ఎవరి ఆహ్వానమూ అక్కర్లేదు.