ఎర్ల్ పామర్ వాద్యప్రస్థానం: విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక:
ఆనాటి గ్రామఫోన్ రికార్డుపై గాయకుని పేరు, గీతకర్త పేరు కనిపిస్తాయి. స్టూడియో పిలుపు అందుకొని వచ్చి, పూట లెక్కన వేతనం తీసుకొని వెళ్ళే వాద్యకారుని పేరు సాధారణంగా ఉండదు. అమెరికన్ డ్రమ్స్ వాద్యకారుడు ఎర్ల్ పామర్ (1924-2008) అటువంటి సెషన్ కళాకారుడు. పక్కవాద్యమే పాట స్వరూపాన్ని నిర్ణయించినప్పుడు దానిని సహకారమనాలా, సృజన అనాలా? ఆయన ప్రస్థానం లేవనెత్తే ప్రశ్న ఇదే.

నేపథ్యం:
న్యూ ఆర్లియన్స్‌లో జన్మించిన పామర్ బాల్యంలోనే వేదికలపై ట్యాప్ నృత్యం చేశారు. పాదాలతో లయను పలికించే ఆ నృత్యమే ఆయన తొలి పాఠశాల. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసి వచ్చాక సంగీతాన్ని క్రమపద్ధతిలో అభ్యసించి, డేవ్ బార్తొలొమ్యూ బృందంలో చేరారు. ఆయన అభిరుచి జాజ్. జీవిక రిథమ్ అండ్ బ్లూస్.

లయలో తెచ్చిన మార్పు:
ఫ్యాట్స్ డామినో 1949లో పాడిన 'ద ఫ్యాట్ మ్యాన్'లో, నాలుగు దెబ్బల ఆవర్తంలోని రెండవ, నాలుగవ దెబ్బలపై ఊనికను పామర్ పాట పొడవునా నిలిపారు. న్యూ ఆర్లియన్స్ జాజ్‌లో ఇది ప్రధానంగా ముగింపు ఘట్టానికి చెందిన ఉద్ధృతి. అలంకారాన్ని ఆధారంగా మార్చడం ఇక్కడి విశేషం.

రెండవ మార్పు లిటిల్ రిచర్డ్ పాటలలో కనిపిస్తుంది. అప్పటి షఫుల్ నడకలో ఒక్కొక్క దెబ్బ మూడు భాగాలుగా విడివడుతుంది. కర్ణాటక సంగీత పరిభాషలో ఇది త్రిశ్రగతికి సన్నిహితం. రిచర్డ్ కుడిచేయి పియానోపై దెబ్బను రెండు సమభాగాలు చేసేది. ఆ చేతికి దీటుగా వాయించే ప్రయత్నంలోనే తన నడక మారిందని పామర్ తరువాత వివరించారు. రాక్ అండ్ రోల్ లయ సిద్ధాంతం నుండి గాక, తోటి కళాకారుని శ్రద్ధగా వినడం నుండి రూపొందిందని దీనివల్ల తెలుస్తుంది.

లాస్ ఏంజెలిస్ దశ:
1957లో లాస్ ఏంజెలిస్ చేరిన తరువాత ఆయన పాటలకే గాక సినిమా, టెలివిజన్ సంగీతానికీ విస్తారంగా వాయించారు. స్వరలిపిని చూసి వెంటనే వాయించగల నేర్పు ఇక్కడ అక్కరకు వచ్చింది. అయితే ప్రతి శైలిలోనూ ఇమిడిపోయే ఈ నేర్పే సొంత ముద్రను మరుగుపరిచింది. స్వనామంతో వెలువడిన 'డ్రమ్స్‌విల్' (1961) కంటే, ఆయన పేరు లేని రికార్డులలోనే ఆ ముద్ర బలంగా వినిపిస్తుంది.

ముగింపు:
2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను సహవాద్యకారుల విభాగంలో చేర్చుకుంది. ఆ గౌరవం సముచితమే. కాని ఆ విభాగం పేరే పాత అంతరాన్ని నిలిపి ఉంచింది. సాహిత్యానికీ బాణీకీ దక్కే కర్తృత్వాన్ని లయకు కూడా వర్తింపజేసినప్పుడే పామర్ కృషిని విమర్శ సరిగా అంచనా వేయగలుగుతుంది.