ఈ ఒక్క వాయిదా ఇవ్వండి

వాయిదాల మీద నా చిరాకు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఓ కేసులో నిందితుణ్ని పొద్దున దోషి అని తేల్చి, సాయంత్రానికల్లా శిక్ష కూడా వేసేశారన్న ఈ వారం వార్త నాకు పండగలా ఉండాలి. ఉంది కూడా, రెండో కాఫీ దాకా.

తర్వాత మా మేనమామ గుర్తొచ్చాడు. క్రిమినల్ ప్లీడరు. తీర్పు రోజంటే ఆయనకు భయం. ఓడిపోతానని కాదు. ‘‘ఇన్నాళ్లూ మావాడికి ఏ పాపమూ తెలీదని వాదిస్తానా, దోషి అనగానే శిక్ష గురించి ఏమన్నా చెప్పుకుంటారా అంటారు జడ్జిగారు. అప్పటికప్పుడు నాలుక మడతేసి, చేశాడు గానీ కనికరించండి అనాలి. ఆ కాగితాలు ముందే సిద్ధం చేద్దామంటే, నీకే నమ్మకం లేదా అంటాడు క్లయింటు’’ అనేవాడు. అందుకే బోనులోంచి ఎప్పుడూ అవే మాటలు: ముసలి తల్లిదండ్రులు, చిన్నపిల్లలు, నేనే ఆధారం. తీర్పులో వాటికి దక్కేది ఒక్క వాక్యం.

జడ్జిగారు అడిగే ఆ ప్రశ్న తంతు కోసం పెట్టింది కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) సెక్షన్‌తో వచ్చింది. ఇప్పుడు ఆ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 258(2)లో ఉంది. శిక్షపై విడిగా వినలేదనే 1976లో సంతాసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్షను పక్కనపెట్టి, కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. మరుసటి ఏడు మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గియాసుద్దీన్ కేసు ఉద్యోగాల ఆశ చూపి డబ్బు గుంజిన మోసం. జస్టిస్ కృష్ణయ్యర్ మూడేళ్ల శిక్షను 18 నెలలకు దించి, జైల్లో అతనికి ఎలాంటి పని ఇవ్వాలో కూడా చెప్పారు. ఉరి పడే అవకాశమున్న కేసుల్లో జైలు ప్రవర్తన మీద, మానసిక స్థితి మీద నివేదికలు తెప్పించాలని 2022లో మనోజ్ కేసు తీర్పు చెప్పింది. మరి మూడేళ్లో ఏడేళ్లో పడే మామూలు కేసులకు?

ఏళ్లుగా ఎదురుచూస్తున్న బాధితులను ఇంకో వారం ఆగమనడం నాకూ కష్టమే. అయినా అడుగుతున్నాను. తీర్పుకూ శిక్షకూ మధ్య వారం ఉంచండి. ఆలోగా ప్రొబేషన్ అధికారి ఊరెళ్లి విచారించి రావాలి, జైలు నుంచి రిపోర్టు అందాలి, బాధితులు పోగొట్టుకున్నదేమిటో వాళ్ల నోటే వినాలి. ఇవేవీ జరక్కుండా గడిచిపోతే మాత్రం అదీ ఉత్త వాయిదానే. దాన్ని తిట్టడానికి వచ్చే వారం నేనిక్కడే ఉంటాను.